పెడ్రి మొదటి సీజన్లు: 18 ఏళ్ళ కుర్రాడితో ఏడాదిలో 73 మ్యాచ్‌లు ఆడించొచ్చా?

గంటస్తంభం_8 (విజయనగరం):

అందరికీ నమస్తే. ఇక్కడ ఫుట్‌బాల్ అనగానే మెస్సీ, రొనాల్డో దగ్గరే ఆగిపోతున్నాం, అందుకని మిడ్‌ఫీల్డర్ల మీద ఒక చర్చ పెడదామనిపించింది. నాకు స్పెయిన్‌కీ బార్సిలోనా క్లబ్‌కీ నడి మైదానంలో ఆడే పెడ్రి అంటే ప్రాణం. అయితే ఇప్పుడు కప్పులు గెలుస్తున్న పెడ్రి సంగతి కాదు, మొదట్లో వాడిని ఎలా వాడారన్నది మాట్లాడాలి, ఎందుకంటే మన జిల్లాలో బాగా ఆడే పిల్లాడు ఒకడు కనిపిస్తే అందరం కలిసి వాడిని ఎలా అరగదీస్తామో చూస్తున్నా కాబట్టి.

తెలీనివాళ్ళ కోసం కొంచెం. అసలు పేరు పెడ్రో గొంజాలెస్ లోపెజ్. 2002 నవంబర్ 25న పుట్టాడు, ఊరు తెగెస్తే, టెనెరిఫే దీవిలో. దేశం స్పెయినే గానీ మ్యాప్ తీస్తే ఆ కానరీ దీవులు ఆఫ్రికా పక్కన ఉంటాయి. ఇంట్లోవాళ్ళది చిన్న హోటల్, తాత ఆ దీవిలో బార్సిలోనా అభిమానుల సంఘం పెట్టిన మనిషి. చిన్నప్పుడు రియల్ మాడ్రిడ్ ట్రయల్స్‌కి పిలిచింది, అప్పుడక్కడ మంచు పడి ప్రాక్టీసే సరిగ్గా జరగలేదు, చివరికి వద్దని ఇంటికి పంపేశారు. 2018లో లాస్ పాల్మాస్‌లో చేరాడు. 2019 ఆగస్టులో పెపె మెల్ అనే కోచ్ 16 ఏళ్ళ పిల్లాడిని సెకండ్ డివిజన్లో దింపేశాడు. మరుసటి నెలలో స్పోర్టింగ్ గిహోన్ మీద గోల్ కొట్టి ఆ క్లబ్ చరిత్రలోనే అతి చిన్న వయసులో గోల్ కొట్టినవాడయ్యాడు. అప్పటికే బార్సిలోనా 50 లక్షల యూరోలకి, పైన బోనస్‌లు వేరే, వాడిని మాట్లాడేసుకుంది, కానీ 2020 వేసవి దాకా లాస్ పాల్మాస్‌లోనే ఆడుకోనిచ్చింది. ఈ ముక్క నాకు చాలా నచ్చుతుంది. పెద్ద క్లబ్ కొన్న వెంటనే తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టకుండా ఒక పూర్తి సీజన్ మగాళ్ళ ఫుట్‌బాల్ ఆడనిచ్చారు.

ఇక 2020-21. బార్సాకి వచ్చినప్పుడు బి టీంలోకి పంపుతారో వేరే క్లబ్‌కి లోన్‌కి ఇస్తారో అనుకున్నారు. కోచ్ కూమన్ ట్రైనింగ్‌లో చూసి ఉంచేసుకున్నాడు. సెప్టెంబర్ 27న విల్లారియల్ మీద మొదటి మ్యాచ్, అక్టోబర్‌లో ఫెరెన్‌త్స్వారోస్ మీద మొదటి గోల్, ఇక అక్కడ్నించి వాడు లేని టీం లేదు. ఏప్రిల్లో కోపా డెల్ రే గెలిచారు. డ్రైవింగ్ లైసెన్స్ కూడా లేని వయసు, మ్యాచ్ అయ్యాక ట్యాక్సీలో ఇంటికి పోయేవాడు, వంటా వార్పూ చూసుకోడానికి అన్న కూడా వచ్చి ఉండేవాడు. మార్చిలో స్పెయిన్ జాతీయ జట్టు, జూన్లో యూరప్ దేశాల యూరో కప్, అది అవగానే జూలైలో టోక్యో ఒలింపిక్స్. మొత్తం లెక్కేస్తే ఆ సీజన్లో 73 మ్యాచ్‌లు. కుర్ర ఆటగాళ్ళకిచ్చే గోల్డెన్ బాయ్, కోపా ట్రోఫీ అవార్డులు రెండూ ఆ ఏడాది వాడికే వచ్చాయి. ఆ తర్వాత రెండేళ్ళు తొడ కండరాలు పట్టేసి సగం మ్యాచ్‌లు స్టాండ్స్‌లో కూర్చుని చూశాడు.

ఒలింపిక్స్‌కి వద్దు అని చెప్పాల్సింది ఎవరు? క్లబ్బా, ఫెడరేషనా, ఇంట్లోవాళ్ళా, లేక ఆ పిల్లాడా? మీరేమంటారు.

నాగావళి_కుర్రోడు (శ్రీకాకుళం):

అన్నా బలే పెట్టేవు టాపిక్. నానైతే పెడ్రిని మొదట గట్టిగా సూసింది 2022 ఏప్రిల్లో సెవియ్యా మీద గోల్. అర్ధరాత్రి దాటీసింది, ఇంట్లో అందరూ పడుకుండిపోయేరు, నాను సౌండ్ తీసేసి సూత్తన్నాను. బాక్స్ బయట బంతొచ్చింది, కొడతాడనుకుని ఒక డిఫెండర్ కాళ్ళు జాపి కింద పడిపోయేడు, ఈ గుంటడు కొట్లేదు, పక్కకి లాగేడు, ఇంకోడొచ్చి పడిపోయేడు, అప్పుడు నిదానంగా మూలకి కొట్టీసేడు. 1-0. అంతమంది మీద పడిపోతంటే అంత నిదానం ఏటన్నా అసలు! తర్వాత పది రోజులకే ఫ్రాంక్‌ఫర్ట్ మ్యాచ్‌లో తొడ పట్టుకుని బయటికి ఎల్లిపోనాడు, మరి ఆ సీజన్లో రాలేదు. నాకు ఏడుపొచ్చీసింది నిజంగా.

సిరిమాను_సాయి (విజయనగరం):

నేను మాడ్రిడ్ అభిమానిని, అయినా పెడ్రి ఆటంటే ఇష్టమే. కానీ ఈ 73 మ్యాచ్‌ల వాదన నాకు పూర్తిగా ఎక్కదు అన్నా. ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ బెల్లింగ్‌హామ్‌ని చూడండి. వాడు పెడ్రికన్నా ఏడు నెలలు చిన్న. 2019 ఆగస్టులో 16 ఏళ్ళకే బర్మింగ్‌హామ్ సిటీకి ఆడాడు, ఆ సీజన్లోనే 40కి పైగా మ్యాచ్‌లు, ఇంగ్లండ్ సెకండ్ డివిజన్ అంటే గుద్దుకునే ఆట. మరుసటేడు జర్మనీలో డోర్ట్‌మండ్, అక్కడా 40కి పైనే. వాడి తొడలకి ఆ వయసులో ఏమైంది? ఏమీ అవ్వలేదు. వాడు వెళ్ళిపోతే బర్మింగ్‌హామ్ వాళ్ళు 22 నంబర్ చొక్కా ఇంకెవరికీ ఇవ్వమని పక్కన పెట్టేశారు, అంత ఆడాడు. కాబట్టి ఒంటి తత్వం అనేది ఒకటుంటుంది. ఆడితేనే ఆట వస్తుంది, బెంచీ మీద దాచిపెడితే పెడ్రి పెడ్రి అయ్యేవాడా?

గంటస్తంభం_8:

సాయీ, ఆడించకూడదని నేననట్లేదు. ఎడం లేకుండా ఆడించడం గురించే నా బాధ. బెల్లింగ్‌హామ్ పేరు తెచ్చావు కాబట్టి ఆ వేసవే పక్కపక్కన పెట్టి చూడు. అదే యూరోలో బెల్లింగ్‌హామ్ మూడు మ్యాచ్‌ల్లో సబ్‌గా వచ్చాడు, అంతే, తర్వాత ఒలింపిక్స్ ఊసే లేదు. ఇంగ్లండ్‌కి పురుషుల ఒలింపిక్ ఫుట్‌బాల్ టీమే లేదు కదా.

పెడ్రి లెక్క చూడు. స్వీడన్ 90, పోలండ్ 90, స్లొవేకియా 90, తర్వాత క్రొయేషియాతో ఎక్స్‌ట్రా టైం కలిపి 120, స్విట్జర్లాండ్‌తో 120, ఇటలీతో సెమీస్‌లో 120. మొత్తం 630 నిమిషాలు. అందులో వాడు ఆడనిది ఒక్క నిమిషం. ఒకే ఒక్క నిమిషం! ఆ ఇటలీ మ్యాచ్‌లో 66 పాస్‌లు వేస్తే 65 సరిగ్గా వెళ్ళాయి, ఆ తప్పిన ఒక్కటి కూడా ఎక్స్‌ట్రా టైంలోనే. 18 ఏళ్ళకి బార్సిలోనా పాత దిగ్గజం ఇనియెస్తా కూడా ఇలా చెయ్యలేదని అప్పటి స్పెయిన్ కోచ్ లూయిస్ ఎన్రికే బాహాటంగానే అన్నాడు.

ఆ సెమీస్ జూలై 6. జూలై 22న సప్పోరోలో ఈజిప్ట్ మీద ఒలింపిక్స్ మొదటి మ్యాచ్. మధ్యలో రెండు వారాల చిల్లర, అందులో జపాన్ దాకా విమానం. అక్కడ కూడా క్వార్టర్స్ ఎక్స్‌ట్రా టైం, సెమీస్ ఎక్స్‌ట్రా టైం, ఆగస్టు 7న బ్రెజిల్‌తో ఫైనల్ ఎక్స్‌ట్రా టైం, 2-1తో ఓడి వెండి పతకం. ఆ రెండు టోర్నీల్లో స్పెయిన్ ఆడిన ఆరు నాకౌట్ మ్యాచ్‌లూ 90 నిమిషాల్లో తేలలేదు. ఎనిమిది రోజుల తర్వాత ఆగస్టు 15న రియల్ సొసియెదాద్ మీద స్పెయిన్ లీగ్ లా లిగా మొదటి మ్యాచ్‌లో మళ్ళీ పెడ్రి! సెలవులు ఆ తర్వాత ఇచ్చారు. సెప్టెంబర్ 14న బయెర్న్ మ్యాచ్‌లో తొడ పట్టేసింది, నెలాఖరుకి బెన్‌ఫికా మీద దింపితే మళ్ళీ పట్టేసింది, మళ్ళీ గ్రౌండ్‌లోకొచ్చేసరికి జనవరి.

ఇంకోటి, దీన్ని ఎవరూ ఎక్కువ చెప్పరు. కోవిడ్ వల్ల 2019-20 సీజన్ జూలై దాకా సాగింది, సెప్టెంబర్‌కల్లా కొత్తది మొదలు. యూరో, ఒలింపిక్స్ రెండూ 2020 నుంచి 2021కి వాయిదా పడ్డాయి. అవి సమయానికి జరిగుంటే అప్పటికి ఇంకా జాతీయ జట్టులోకే రాలేదు కాబట్టి పెడ్రి రెండిట్లోనూ ఉండేవాడు కాదు. ఏడాది ఆలస్యం అవ్వడం వల్ల రెండూ ఒకే వేసవిలో వచ్చి ఒకే పిల్లాడి మీద పడ్డాయి. రెండు టోర్నీలకి తీసుకుపోవడం మరీ ఎక్కువని కూమన్ గట్టిగానే అన్నాడు, క్లబ్బూ వద్దంది. ఎవరూ వినలేదు.

ఫిజియో_రాజాం (రాజాం):

నమస్తే అండీ, నేను ఫిజియోథెరపిస్ట్‌ని, ఇక్కడ రోజూ చూసే కేసుల్లో ఆటల పిల్లలు బాగానే ఉంటారు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను.

తొడ వెనక ఉండే కండరాలే హామ్‌స్ట్రింగ్. గట్టిగా పరిగెడుతున్నప్పుడు కాలు ముందుకి వెళ్ళి నేల తాకబోయే క్షణంలో ఆ కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క కాలిని ఆపాలి. ఎక్కువసార్లు తెగేది అక్కడే. అలిసిపోయిన కండరం ఆ పని ఆలస్యంగా చేస్తుంది. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో పది పదకొండు కిలోమీటర్లు తిరుగుతాడు, అందులో ఆగడం, తిరగడం, మళ్ళీ అందుకోవడం, ఇవన్నీ వందల సార్లు. ఒకసారి తెగిన చోట మళ్ళీ తెగే అవకాశం ఎక్కువ, అందుకే మొదటి గాయమే రాకుండా చూసుకోమంటాం. పెడ్రికి తొడ గాయాలు, హామ్‌స్ట్రింగ్‌కే కాదు, ఎక్కువసార్లు తొడ ముందు కండరానికే, ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయంటే ఆశ్చర్యం లేదు: 2021 సెప్టెంబర్, 2022 ఏప్రిల్, 2023 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్, 2023 ఆగస్టు, 2024 మార్చి.

సాయి గారు చెప్పిన ఒంటి తత్వం నిజమే, అందరికీ ఒకేలా ఉండదు. కానీ ఏ పిల్లాడి ఒళ్ళు ఎలాంటిదో ముందుగా తెలీదు కదండీ, అందుకే ఎడం అందరికీ ఇవ్వాలి. నొప్పి వచ్చాక తెలుసుకోవడం అంటే ఆ సీజన్ పోయినట్టే.

పీడీ_మాస్టారు (శ్రీకాకుళం జిల్లా):

నేను హైస్కూల్లో ఫిజికల్ డైరెక్టర్‌ని. ఈ చర్చ చదివి రాయకుండా ఉండలేకపోయాను.

మన దగ్గర ఫుట్‌బాల్ ఆడే స్కూళ్ళు తక్కువ. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్, విజయనగరం వైపైతే వెయిట్‌లిఫ్టింగ్, వీటి తర్వాతే ఫుట్‌బాల్. అందువల్ల ఏం జరుగుతుందంటే, ఊళ్ళో బంతిని ఆపి తలెత్తి చూసే పిల్లాడు ఒక్కడు తయారయ్యాడంటే వాడి మీద అందరి కళ్ళూ పడతాయి. అండర్-14లో వాడే, అండర్-17లో పిల్లలు తక్కువైతే వాడే, జూనియర్ కాలేజీ వాళ్ళ ఫ్రెండ్లీ మ్యాచ్‌కి వాడే, సంక్రాంతికి ఊరి టోర్నమెంట్‌లో వాడే. ఆ టోర్నమెంట్‌లు ఎలా జరుగుతాయో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లైట్లుండవు కాబట్టి చీకటి పడేలోపు ఫైనల్ అయిపోవాలి, గెలుస్తూ పోతే ఒక్క రోజులో మూడు నాలుగు మ్యాచ్‌లు. గ్రౌండ్ అంటే కోతలైపోయిన పొలమో స్కూల్ వెనక గట్టి నేలో.

ఒకసారి అలాంటి టోర్నమెంట్‌లో సెమీస్‌కి ఫైనల్‌కి మధ్య ఒక పిల్లాడిని చూశాను. తొమ్మిదో తరగతి. బూట్లు తనవి కావు, రెండు సైజులు పెద్దవి, ముందు గుడ్డ కుక్కుకున్నాడు. బోరింగ్ దగ్గర కూర్చుని పిక్కల మీద నీళ్ళు పోసుకుంటున్నాడు, కుడికాలు బొటనవేలు వణుకుతోంది, చేత్తో పట్టుకుని ఆపుతున్నాడు. ఏరా ఆడగలవా అంటే "ఆడతాను సార్" అన్నాడు. ఇంకేమంటాడు? చుట్టూ ఊరంతా నిలబడుంటే ఏ పిల్లాడు ఆడనంటాడు? వాళ్ళ పెద్దవాళ్ళతో మాట్లాడి కూర్చోబెట్టాను, టీం ఓడిపోయింది, ఆ ఊరివాళ్ళు కొందరు చాన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పర్వాలేదు.

గంటస్తంభం తమ్ముడు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. పిల్లాడిని అడగడం తప్పు. పెడ్రిని అడిగితే ఒలింపిక్స్‌కి వెళ్తాననే అంటాడు, ఎవడైనా అంటాడు. వద్దనే హక్కు, వద్దనే బాధ్యత పెద్దవాళ్ళది, అది కోచ్‌ల చేతిలో ఉండాలి, ఇద్దరు ముగ్గురు కోచ్‌లుంటే వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవాలి.

నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఉంది కదా, 2014 కామన్వెల్త్ గేమ్స్‌లో పతకం తెచ్చిన మత్స సంతోషి ఊరు. వెయిట్‌లిఫ్టింగ్‌లో పిల్ల ఇవాళ ఎన్ని కిలోలు ఎన్నిసార్లు ఎత్తిందో కోచ్ రాసుకుంటాడు, ఇష్టమొచ్చినట్టు ఎత్తించరు. మన ఆమదాలవలస కరణం మల్లీశ్వరి కాలం నుంచీ ఆ ఆటలో లెక్క ఉంది. ఫుట్‌బాల్‌కొచ్చేసరికి మనం ఎన్ని నిమిషాలు ఆడాడన్నది ఎందుకు రాసుకోం?

నాగావళి_కుర్రోడు:

మాస్టారూ మీలాటోలు మాకు దొరికుంటే బాగుండేది. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో మేం పొద్దున్నా సాయంత్రం ఆడేవోలం, నొప్పెడితే బామ్ రాసీసుకుని మళ్ళీ దిగిపోయేవోలం. కూర్చోమన్నోడు ఒక్కడూ లేడు.

ఖరగ్‌పూర్_తెలుగోడు (ఖరగ్‌పూర్):

మాది సోంపేట దగ్గర పల్లెటూరు, తాతగారు రైల్వేలో ఉద్యోగానికి ఇక్కడికొచ్చారు, అప్పట్నుంచీ ఇక్కడే. ఇక్కడ గల్లీకి నలుగురు శ్రీకాకుళం వాళ్ళం ఉంటాం. సేర్సా స్టేడియం చుట్టూ తిరుగుతూ పెరిగినవాణ్ణి కాబట్టి ఫుట్‌బాల్ పిచ్చి చిన్నప్పట్నుంచీ ఉంది.

పెడ్రి కథ పక్కన మనవాళ్ళ కథ కూడా పెట్టాలి. మన దేశంలో కుర్ర మిడ్‌ఫీల్డర్‌కి ఇబ్బంది అటువైపు నుంచి వస్తుంది. పల్లెలో లెక్కలేనన్ని మ్యాచ్‌లు, ప్రొఫెషనల్ క్లబ్‌లోకి వెళ్ళాక మాత్రం బెంచీ. పెద్ద జట్లు నడి మైదానంలో విదేశీ ఆటగాడినే పెట్టుకుంటాయి. అందుకే ఫెడరేషన్ నడిపిన ఇండియన్ యారోస్ జట్టుకి నేను చాలా విలువిస్తాను. విదేశీయులు లేకుండా అంతా కుర్రాళ్ళే, ఐ-లీగ్‌లో ఓడినా గెలిచినా వారం వారం మ్యాచ్ ఉండేది. 2022లో దాన్ని ఆపేశారు, నాకు ఇప్పటికీ బాధే.

జీక్సన్ సింగ్ గుర్తున్నాడా? 2017 అక్టోబర్ 9, ఢిల్లీ, అండర్-17 ప్రపంచకప్, కొలంబియా మీద. సంజీవ్ స్టాలిన్ కార్నర్ వేశాడు, 82వ నిమిషంలో జీక్సన్ తలతో కొట్టాడు. ఫిఫా ప్రపంచకప్‌లో భారత్ కొట్టిన మొట్టమొదటి గోల్ అది. స్టేడియం ఇంకా ఊగుతుండగానే కొలంబియా రెండోది కొట్టేసింది, 2-1తో ఓడిపోయాం, అయినా ఆ గోల్ ఎవరూ మర్చిపోరు. మణిపూర్ పిల్లాడు, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. ఆ తర్వాత యారోస్‌లో ఆడి కేరళ బ్లాస్టర్స్ పెద్ద జట్టులోకి వెళ్ళాడు.

అపుయా కూడా అంతే. ఐజాల్ కుర్రాడు, 2000లో పుట్టాడు, యారోస్ నుంచి నార్త్ఈస్ట్ యునైటెడ్‌కి వెళ్ళి 20 ఏళ్ళకే కెప్టెన్ బ్యాండ్ కట్టుకున్నాడు, 2020-21 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో వర్ధమాన ఆటగాడి అవార్డు. తర్వాత ముంబై సిటీ, 2024లో మోహన్ బగాన్. కోల్‌కతాలో అపుయా ఆట నేరుగా చూశాను, టీవీలో కనిపించదు గానీ గ్రౌండ్‌లో చూస్తే అర్థమవుతుంది, బంతి తన దగ్గరికి రాకముందే రెండుసార్లు వెనక్కి చూస్తాడు.

మన తెలుగువాళ్ళకి ఇవన్నీ కొత్తేం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టుకి కోచ్ హైదరాబాద్ రహీం సాబ్, అందులో ఆడినవాళ్ళలో మన బలరాం ఉన్నారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. అప్పుడు పోలీసు జట్టు ఉండేది, ఉద్యోగం ఉండేది, ఏడాదంతా మ్యాచ్‌లుండేవి. మన ఉత్తరాంధ్ర పిల్లాడికి ఇప్పుడు జిల్లా సెలక్షన్ తర్వాత మెట్టు ఏది?

బొబ్బిలి_అమ్మ (బొబ్బిలి):

నమస్కారమండీ. నాకు ఆట గురించి పెద్దగా తెలీదు, మా పాప ఆడుతుంది కాబట్టి చదువుతున్నాను. ఎనిమిదో తరగతి. మధ్యలో ఆడుతుంది, మీరు మిడ్‌ఫీల్డ్ అంటున్నారే అదే. స్కూల్ టీంలో ఉంది, సాయంత్రాలు ఒక కోచింగ్ క్యాంపుకి కూడా వెళ్తుంది. రెండు చోట్లా బాగా ఆడుతుందనే అంటారు. ఈ మధ్య ఎడమ మోకాలి చిప్ప కింద చిన్న బొడిపెలా లేచింది, మెట్లు దిగేటప్పుడు మూలుగుతుంది, అడిగితే ఏం లేదమ్మా అంటుంది. మొన్న రాత్రి నిద్రలో కాలు పట్టుకుని లేచింది. ఇంట్లోవాళ్ళు ఆడపిల్లకి ఈ పరుగులెందుకు మానిపించేయమంటున్నారు. నాకు మానిపించాలని లేదు. గ్రౌండ్ నుంచి వచ్చినప్పుడు దాని మొహం చూస్తే నాకు మానిపించాలనిపించదు. ఏం చెయ్యాలో చెప్పండి.

ఫిజియో_రాజాం:

అమ్మా, ముందు కంగారు పడకండి. ఆన్‌లైన్లో చూసి ఇదీ అని చెప్పలేను, ఎముకల డాక్టర్‌కి తప్పకుండా ఒకసారి చూపించండి, నిద్రలో నొప్పికి లేచిందన్నారు కాబట్టి ఆ మాట కూడా డాక్టర్‌తో చెప్పండి, వదిలెయ్యకండి. ఎదిగే పిల్లల్లో మోకాలి చిప్ప కింద అలా బొడిపె రావడం చాలా మామూలు, ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. ఎముక తొందరగా పొడుగవుతుంటుంది, తొడ ముందు కండరం దాన్ని లాగుతుంటుంది, ఎగరడం, పరిగెత్తడం, బంతి తన్నడం ఎక్కువైతే ఆ అతుకు దగ్గర వాచి నొప్పెడుతుంది. అదే అయితే ఎదుగుదల ఆగాక ఎక్కువమందికి తగ్గిపోతుంది. ఆట పూర్తిగా మాన్పించనక్కర్లేదు, తగ్గించాలి. నొప్పి పెరుగుతుంటే ఆగాలి, ఐసు గుడ్డలో చుట్టి పెట్టాలి, తొడ కండరాలు సాగదీసే వ్యాయామం నేర్పాలి.

ఇంకోటి, ఆడపిల్లలు కాబట్టి చెప్తున్నా. మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగడం మగపిల్లలకన్నా ఆడపిల్లల్లో ఎక్కువ. బార్సిలోనా మహిళల జట్టు కెప్టెన్ అలెక్సియా పుతెయ్యాస్, ఆవిడా మిడ్‌ఫీల్డరే, 2022 జూలైలో మహిళల యూరో ముంగిట అలాగే తెగి నెలల తరబడి ఆడలేదు. దీనికి ఫిఫా 11+ అని ఒక వార్మప్ ఉంది, 20 నిమిషాలు పడుతుంది, సామాను ఏమీ అక్కర్లేదు. నెమ్మదిగా పరుగు, తర్వాత బలానికీ బ్యాలెన్స్‌కీ వ్యాయామాలు, ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా దిగడం, మళ్ళీ పరుగు. వారానికి రెండు మూడుసార్లు వదలకుండా చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గాయని తేలింది. అందులోనే నార్డిక్ హామ్‌స్ట్రింగ్ అని ఒకటుంది, మోకాళ్ళ మీద నిటారుగా ఉంటే వెనక ఇంకొకరు చీలమండలు పట్టుకుంటారు, నడుం వంచకుండా మెల్లిగా ముందుకి వాలాలి. ఆ ఒక్క వ్యాయామమే హామ్‌స్ట్రింగ్ గాయాల్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. మీ పాపకి ఇప్పుడే వద్దు, డాక్టర్ చూశాక.

సిరిమాను_సాయి:

అమ్మా, పాపని మాన్పించకండి, మీరే ధైర్యం.

ఒక విషయం మాత్రం చర్చలో ఉండాలని చెప్తున్నా. 2024-25లో పెడ్రి 59 మ్యాచ్‌లు ఆడాడు. లా లిగా, కోపా డెల్ రే, సూపర్ కప్ మూడూ గెలిచారు. పెద్ద గాయం ఒక్కటీ లేదు. అంటే అంకె ఒక్కటే కారణమైతే ఇది ఎలా జరిగింది?

ఫిజియో_రాజాం:

మంచి ప్రశ్న సాయి గారూ. 18 ఏళ్ళ ఒళ్ళు, 22 ఏళ్ళ ఒళ్ళు ఒకటి కాదండీ. ఈలోపు కొన్నేళ్ళు జిమ్‌లో కండరాన్ని కట్టారు, కోచ్‌గా ఫ్లిక్ వచ్చాక కొత్త ఫిట్‌నెస్ సిబ్బంది వచ్చారు. ముఖ్యంగా ఆ సీజన్‌కి ముందు, 2024 యూరో క్వార్టర్స్‌లో జర్మనీ మీద మొదట్లోనే వాళ్ళ మిడ్‌ఫీల్డర్ క్రోస్ తగిలి మోకాలు దెబ్బతింది కదా, ఆ వేసవి అంతా విశ్రాంతే. 2021 వేసవిలో దొరకంది అదే. 59 మోయగలిగే ఒళ్ళుని ముందు తయారుచేసుకోవాలి, ఆ తయారీకి టైం పడుతుంది.

గంటస్తంభం_8:

బొబ్బిలి అమ్మగారూ, ఆట తగ్గించిన రోజుల్లో పాప నేర్చుకునేది ఒకటుంది. ఖరగ్‌పూర్ అన్న చెప్పాడు కదా అపుయా గురించి, పెడ్రిదీ అదే రహస్యం. మ్యాచ్ పెట్టి బంతిని చూడొద్దనండి, పెడ్రినే చూడమనండి. బంతి ఇంకా తోటి మిడ్‌ఫీల్డర్లు, అప్పట్లో బుస్కెట్స్ దగ్గరో డి యాంగ్ దగ్గరో ఉన్నప్పుడే ఒకసారి ఎడం భుజం మీంచి, ఒకసారి కుడి భుజం మీంచి వెనక్కి చూస్తాడు. చూసి ఒళ్ళు సగం తిప్పి నిలబడతాడు, బంతి ఏ కాలికి వస్తే ఎటు పోవచ్చో ముందే తేల్చేసుకుంటాడు. అందుకే వాడు పెద్ద స్పీడ్ లేకపోయినా ఎవరికీ దొరకడు. మోకాలు నొప్పున్నా కూర్చుని నేర్చుకోవచ్చు ఇది. 2020-21 మ్యాచ్‌ల ముక్కలు బోలెడు దొరుకుతాయి, వాడప్పుడు 16 నంబర్ చొక్కా, ఇనియెస్తా వేసుకున్న 8 తర్వాత వచ్చింది.

బొబ్బిలి_అమ్మ:

అందరికీ ధన్యవాదాలు. డాక్టర్‌కి చూపించాం, ఎక్స్‌రే తీశారు, రాజాం మేడం గారు అన్నదే అన్నారు, కొన్ని వారాలు పరుగు తగ్గించమన్నారు. స్కూల్ పీడీ మేడం వెంటనే సరే అన్నారు, పాపని పక్కన కూర్చోబెట్టి స్కోరు రాయిస్తున్నారు. క్యాంపు సార్ మాత్రం సెలక్షన్లు దగ్గరపడ్డాయి, ఇప్పుడు కూర్చుంటే టీంలో చోటు ఉండదు, చిన్న నొప్పికే ఇలా అయితే ఎలా అన్నారు. అది విని పాప రాత్రంతా ఏడ్చి పొద్దున్నే బూట్లు కట్టుకుని తయారైంది. బార్సిలోనా లాంటి క్లబ్ అడిగితేనే ఫెడరేషన్ వాళ్ళు వినలేదని రాశారు కదండీ, నేను చెప్తే ఈయన వింటారా?

పీడీ_మాస్టారు:

అమ్మా, మీరొక్కరే చెప్పక్కర్లేదు. డాక్టర్ రాసిచ్చిన కాగితం ఫొటో తీసి ఉంచండి. ఆ క్యాంపు సార్ ఎవరో పేరు ఇక్కడ రాయొద్దు, నంబర్ నాకు విడిగా మెసేజ్ పెట్టండి, మీ స్కూల్ పీడీ మేడం నంబర్ కూడా. ముందు మేడంతో మాట్లాడతాను, తర్వాత ఇద్దరం కలిసి ఆయనకి ఫోన్ చేస్తాం. తోటి కోచ్‌లు చెప్తే వింటారు, చాలాసార్లు వాళ్ళకీ పైనుంచి ఒత్తిడే ఉంటుంది. పాప వయసుకి ఈ ఏడాది సెలక్షన్ పోయినా వచ్చే ఏడాది అదే కేటగిరీలో ఉంటుందో లేదో పుట్టిన తేదీ చూసి చెప్తాను, అదీ పంపండి. ఈలోపు ఒక నోటుబుక్ కొనిచ్చి పాప చేతనే రాయించండి: తేదీ, ఎక్కడ ఆడింది, ఎన్ని నిమిషాలు, మర్నాడు పొద్దున్న మెట్లు దిగితే నొప్పి ఉందా లేదా. స్కూల్లో ఆడిందీ క్యాంపులో ఆడిందీ ఒకే పుస్తకంలో ఉండాలి. బూట్లు ఇవాళ్టికి విప్పేయమనండి, మాస్టారు చెప్పారని చెప్పండి.